‘ముతక’ నుంచి ‘సిరి’ దాకా: చెన్నేకొత్తపల్లి ప్రాంత ఆహారధాన్యాల మార్పిడి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెల్లబియ్యం స్థానంలో కొర్రలు, మైదా స్థానంలో రాగిపిండి, చక్కెర స్థానంలో బెల్లం, రిఫైన్డ్ నూనె స్థానంలో గానుగ నూనె వాడాలనే మాట నేడు పట్టణ గృహాల్లో తరచుగా వినబడుతున్నది. దీనిని కొత్త ఆరోగ్యస్పృహగా భావించడం పరిపాటి. అయితే అనంతపురం సీమలో ఇది ఒక పాత మార్పిడికి ఎదురునడక మాత్రమే. ధాన్యాల పేర్లు, కావ్యసాక్ష్యాలు, వైద్యపరిశోధనలు, ప్రభుత్వ విధానాలు, చెన్నేకొత్తపల్లి కేంద్రంగా సాగిన సహకార ప్రయత్నం ఆధారంగా ఈ రెండు మార్పిడుల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చిరుధాన్యాలు, దంపుడు బియ్యం, రాగి సంగటి, రాయలసీమ, ధరణి సహకార సంఘం, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ జాతీయ రహదారి మీద, పెనుకొండకు ఉత్తరంగా చెన్నేకొత్తపల్లి ఉంది. ఒకనాటి అనంతపురం జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. వర్షపాతం తక్కువ, నేల ఎర్రనిది, పలుచనిది. ఇటువంటి నేలలో వాననే నమ్ముకొని కొర్ర, సామ, అరిక, రాగి, జొన్న, సజ్జ పండించి తిన్న సమాజం రెండు మూడు తరాల్లో వరి అన్నానికి మారింది. అదే ప్రాంతంలో నేడు చిరుధాన్యాలను శుభ్రపరచి, పొట్లాలు కట్టి నగరాలకు పంపుతున్నారు.

ఒక ధాన్యం పళ్ళెంలోంచి ఎందుకు తొలగింది? మళ్ళీ ఎవరి పళ్ళెంలోకి వచ్చింది? ఆ నడుమ ఏది మారింది? పోషకవిలువల పట్టిక ఒక్కటే ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేదు. మాటల చరిత్ర, శ్రమ చరిత్ర, ధరల చరిత్ర కలిపి చూసినప్పుడే విషయం తేటపడుతుంది.

2. ‘బియ్యం’ అనే మాట - అర్థసంకోచం:

నేటి వ్యవహారంలో ‘బియ్యం’ అంటే వరి బియ్యమే. కానీ కొర్ర బియ్యం, సామ బియ్యం, అరిక బియ్యం, వెదురు బియ్యం అనే సమాసాలు భాషలో ఇంకా సజీవంగా ఉన్నాయి. పొట్టు తీసిన గింజ ఏదైనా బియ్యమే అన్న విస్తృతార్థానికి ఇవి సాక్ష్యం. ‘అన్నం’ కూడా ఇటువంటిదే. కొర్రన్నం, సామన్నం, జొన్నన్నం అని చెప్పుకొన్న సమాజంలో విశేషణం లేని ‘అన్నం’ క్రమంగా వరికి మాత్రమే పరిమితమైంది. భాషాశాస్త్ర పరిభాషలో ఇది అర్థసంకోచం. సామాజికంగా చూస్తే అధికారసంక్రమణం. విశేషణం అక్కరలేకుండా నిలబడగలిగిన ధాన్యమే ప్రమాణమైంది. తక్కినవన్నీ ‘ఫలానా బియ్యం’గా పక్కకు జరిగాయి.

ప్రాసెసింగుకు సంబంధించిన మాటల్లోనూ ఈ విలువల క్రమం కనిపిస్తుంది. ‘శుద్ధి చేసిన’ అనే మాటలో పారిశుద్ధ్యమూ ఉంది, పవిత్రతా ఉంది. దానికి ఎదురుగా ‘ముతక’, ‘దొడ్డు’ అనే మాటలు నిలిచాయి. సన్నం అనేది గింజ ఆకారాన్ని చెప్పే మాటగా మొదలై తినేవారి అంతస్తును చెప్పే మాటగా మారింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాదినాడు రేషన్ కార్డుదారులకు సన్నబియ్యం పంపిణీ ప్రారంభించినప్పుడు, పేదలకూ సన్నబియ్యం అన్న ఆత్మగౌరవ భావనే దానికి బలమైంది. గింజలోంచి తవుడు తొలగితే పోషకం తగ్గుతుందని చెప్పే వైద్యుని మాటకూ, తెల్లని మెతుకు గౌరవమని భావించే సమాజానికీ మధ్య దూరం ఇక్కడే ఉంది.

3. కావ్యాల్లో రెండు పళ్ళాలు:

శ్రీనాథునికి ఆపాదించే చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద విసుగు ప్రసిద్ధం. రాజాస్థానాల సన్నన్నానికి అలవాటుపడిన కవి మెట్టప్రాంతపు ఆహారాన్ని చూసిన చూపు అది. అక్కడ జొన్న ఒక ధాన్యం మాత్రమే కాదు, నాగరికత లేమికి గుర్తు కూడా.

శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509-1529) ఆముక్తమాల్యదలో మరింత నిశితమైన చిత్రం ఉంది. విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువుకు తగినట్లు పెట్టిన భోజనంలో మేలైన వరి అన్నం కనిపిస్తుంది. అదే కావ్యంలో వర్షర్తువర్ణన సందర్భంలో రెడ్లు వానకు మొలిచిన ఆకుకూరలను నూనెలో వేయించి అరికల కూటితో తింటారు. ఒకే కావ్యంలో రెండు పళ్ళాలు. అతిథిపూజకు వరి, సేద్యానికి అరిక. రాయలు రెంటినీ పరిహాసం లేకుండా నమోదు చేశాడు.

కన్నడ సాహిత్యంలో కనకదాసు రచించిన ‘రామధాన్యచరితె’ ఈ వైరుధ్యాన్ని ఏకంగా కథావస్తువుగా చేసుకొన్నది. వరి, రాగి తమలో ఎవరు గొప్ప అని రాముని ఎదుట వాదించుకొంటాయి. రెంటినీ ఆరునెలలు బంధిస్తారు. గడువు తీరేసరికి వరి కృశిస్తుంది, రాగి చెక్కుచెదరదు. రాఘవుని పేరు రాగికి దక్కుతుంది. దీర్ఘకాలం నిల్వ ఉండే గుణమే ఇక్కడ తీర్పుకు ఆధారం. కరవు నేలలో ఆ గుణం విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు. తెలుగు, కన్నడాలు కలిసి వినిపించే హిందూపురం, మడకశిర, పెనుకొండ ప్రాంతంలో రాగిముద్దకు ఉన్న గౌరవాన్ని అర్థం చేసుకోవడానికి పల్నాటి చాటువు కంటే ఈ కన్నడ కథ దగ్గరి సాక్ష్యం.

4. మరపట్టిన బియ్యం - వైద్యుల హెచ్చరిక, గాంధేయుల ప్రచారం:

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తయిన తరువాత డెల్టాల్లో వరి విస్తరించింది. అనంతరం రైసుమిల్లులు వచ్చాయి. దంపుడుతో పోని పొరలు మరలో పోయాయి. గింజ తెల్లబడింది.

1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి బెరిబెరి వంటి వ్యాధికి గురికావడం, తవుడుతో కోలుకోవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన ప్రారంభించాడు. నాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి ప్రధానంగా ఉత్తర సర్కారుల్లో కనిపించేది. తమిళ ప్రాంతంలో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరల్లోని థయామిన్ కొంత గింజలోపలికి చేరుతుంది కనుక మరపట్టినా పూర్తిగా పోదు. సర్కారుల్లో పచ్చి వడ్లను మరపట్టి తినేవారు. ఒకే ధాన్యం, రెండు పద్ధతులు, రెండు ఫలితాలు. కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లబియ్యం మీద అనుమానంతో పుట్టిన సంస్థ తెలుగునేలకు చేరడం గమనార్హం.

1934లో గాంధీజీ ప్రేరణతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం, తిరగలి పిండి, గానుగ నూనె, బెల్లం వాడాలని ప్రచారం చేసింది. జె.సి. కుమారప్ప దాని నిర్వాహకుడు. నేడు ఆరోగ్యాహారం పేరిట వినిపించే జాబితా దాదాపు ఇదే. అయితే నాటి ప్రచారంలో ఆరోగ్యంతో పాటు గ్రామీణ ఉపాధి కూడా సమానమైన కారణం. మిల్లు తీసుకొన్నది తవుడును మాత్రమే కాదు, దంచి బతికేవారి కూలిని కూడా అన్నది గాంధేయుల వాదం. నేటి ప్రచారంలో ఈ రెండో సగం జారిపోయింది.

ముతకధాన్యమంతా నిర్దోషమనే నిర్ధారణకు కూడా వైద్యచరిత్ర ఒప్పుకోదు. జొన్న దాదాపు ఏకైక ఆహారంగా ఉన్న దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీనిని జొన్నలోని అధిక ల్యూసిన్‌తో ముడిపెట్టి వివరించారు. ఆ వివరణ మీద తరువాత చర్చలు జరిగాయి. కానీ ఒకే ధాన్యం మీద ఆధారపడిన పేదరికమే వ్యాధికి నేపథ్యమన్న విషయంలో సందేహం లేదు. తెల్లబియ్యం తిన్నచోట బెరిబెరి, జొన్న తిన్నచోట పెల్లాగ్రా. రెండుచోట్లా లోపించినది పళ్ళెంలోని వైవిధ్యం.

5. రోకలి ఎవరి చేతిలో ఉంది?

చిరుధాన్యాలు వెనకబడడానికి రుచి, హోదా మాత్రమే కారణాలు కావు. రాగి, జొన్న, సజ్జలను విసిరితే పిండి వస్తుంది. కొర్ర, సామ, అరికల స్థితి వేరు. గింజ మీద పొట్టు గట్టిగా అంటుకొని ఉంటుంది. అరికలో అది మరీ గట్టిది. ఎండబెట్టి, విసిరి, దంచి, చెరిగి, మళ్ళీ దంచితే తప్ప బియ్యం చేతికి రాదు. ఈ పని అంతా స్త్రీలదే. తెల్లవారకముందే లేచి దంచి, ఆపై కూలికి పోయిన స్త్రీల శ్రమలోంచే తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు పుట్టాయి. బిరుదురాజు రామరాజు వంటి జానపద సాహిత్య పరిశోధకులు శ్రామిక గేయాలకు కల్పించిన స్థానం తెలిసినదే. పాటలోని మాధుర్యాన్ని గుర్తించినంతగా పాట వెనుక భుజం నొప్పిని మనం గుర్తించలేదు.

ఈ కోణంలో చూస్తే మర వచ్చినప్పుడు స్త్రీలు దానిని విముక్తిగా స్వీకరించారనడంలో ఆశ్చర్యం లేదు. ఊరి మరలో వరి బియ్యంగా మారినంత సులువుగా అరిక మారలేదు. ఇంట్లో దంచవలసిన ధాన్యం ఓడిపోయింది. కనుక ‘మన పూర్వుల ఆహారం’ అని కీర్తించే వ్యాసం ఏదైనా, ఆ ఆహారాన్ని సిద్ధం చేసిన చేతులను ప్రస్తావించకపోతే అది సగం చరిత్రే.

6. చెనక్కాయ, రెండు రూపాయల బియ్యం:

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో అనంతపురం జిల్లా మెట్టభూములను వేరుశనగ ఆక్రమించింది. స్థానికులు ‘చెనక్కాయ’ అనే ఈ పంట రొక్కం తెచ్చింది. 1986లో కేంద్రం ప్రారంభించిన నూనెగింజల సాంకేతిక మిషన్ ఈ ధోరణిని బలపరచింది. పలు ధాన్యాలు, పప్పులు కలిపి విత్తే పద్ధతి తగ్గి, వానకాలమంటే చెనక్కాయే అన్న పరిస్థితి వచ్చింది. తిండిగింజలు పొలంలో తగ్గినప్పుడు అంగట్లోంచో, రేషన్ దుకాణంలోంచో రావాలి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. కరవుసీమలో దీని విలువను తక్కువ చేయడం అన్యాయం. పండుగకో, జ్వరానికో మాత్రమే వరి అన్నం వండుకొన్న కుటుంబాలకు అది దినాహారమైంది. ఆకలి తగ్గింది. అదే సమయంలో సొంత పొలంలో కొర్ర పండించి దంచుకోవడం కంటే రేషన్ బియ్యం చౌక అయింది. 2013 జాతీయ ఆహారభద్రతా చట్టం బియ్యాన్ని కిలో మూడు రూపాయలకు, గోధుమను రెండు రూపాయలకు, ముతకధాన్యాన్ని ఒక రూపాయికి నిర్దేశించింది. ఆ ధరల క్రమమే ధాన్యాల అంతస్తుల క్రమంగా చదువుకోవచ్చు.

మార్పు పొయ్యిమీద కూడా నమోదయింది. రాయలసీమ సంగటిలో నూకలు లేదా బియ్యం ఉడికించి, రాగిపిండి పోసి తెడ్డుతో కెలికి ముద్ద చేస్తారు. కనుక సంగటి స్వభావరీత్యానే రెండు ధాన్యాల ఒప్పందం. బియ్యం చౌక అయినప్పుడు ఆ పాలు పెరగడానికి వంటపద్ధతిలోనే వీలుంది. ముద్ద రంగు తేలికపడుతుంది, పేరు మాత్రం రాగి సంగటిగానే ఉంటుంది. పేరు నిలిచి పదార్థం మారే ఈ స్థితి నేటి బజారు తినుబండారాల్లో మళ్ళీ ఎదురవుతుంది.

7. చెన్నేకొత్తపల్లి ప్రయత్నం:

1990లో సి.కె. గంగూలీ (బబ్లూ), మేరీ వట్టమట్టం, వారి సహచరులు చెన్నేకొత్తపల్లి సమీపంలో 32 ఎకరాల బీడుభూమి తీసుకొని ‘టింబక్టు కలెక్టివ్’ను ప్రారంభించారు. మొదటి లక్ష్యం నేలను బతికించుకోవడం. తరువాత గ్రామాల ఉమ్మడి భూముల్లో చెట్లను కాపాడే ‘కల్పవల్లి’ కృషి, మహిళల పొదుపు సహకార సంఘాలు రూపుదిద్దుకొన్నాయి. చిరుధాన్యాల వైపు నడక ఈ క్రమంలోనిదే. రసాయనాలు లేని సేద్యం చేసే చిన్న, సన్నకారు రైతులతో 2008లో ‘ధరణి’ అనే పరస్పర సహాయక సహకార సంఘం ఏర్పడింది. సభ్యుల పంటను సంఘమే కొని, శుభ్రపరచి, ‘టింబక్టు ఆర్గానిక్’ పేరుతో విక్రయిస్తుంది.

ఈ ప్రయత్నంలో గమనించవలసినది ప్రాసెసింగు స్థానం. పొట్టు తీసే యంత్రం పండించిన ప్రాంతంలోనే, పండించినవారి సంఘం అధీనంలో ఉన్నప్పుడు రెండు సమస్యలకు ఒకేసారి జవాబు దొరుకుతుంది. స్త్రీల మీద దంపుడు భారం పడదు. విలువ పెరిగిన గింజ లాభంలో కొంత ఊరిలో నిలుస్తుంది. గాంధేయుల వాదంలోని ఉపాధి అంశమూ, మరను ఆహ్వానించిన స్త్రీల అనుభవమూ ఇక్కడ రాజీపడే అవకాశం ఉంది.

జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మరో మార్గం ఎంచుకొన్నది. అక్కడి దళిత మహిళా సంఘాలు బీడుభూముల్లో జొన్న పండించి, తమ గ్రామాల పేదలకే పంచే ప్రత్యామ్నాయ పంపిణీ వ్యవస్థను 1990లలో నిర్మించాయి. పస్తాపూర్ నమూనాలో ధాన్యం ముందు ఊరి పొయ్యికి చేరుతుంది. చెన్నేకొత్తపల్లి నమూనాలో అంగడి ద్వారా రైతుకు ఆదాయంగా చేరుతుంది. రెంటినీ పోటీగా కాక పరస్పర పూరకాలుగా చూడాలి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. కొర్ర పండించిన ఇల్లు దానిని అమ్మి, రేషన్ బియ్యం వండుకొంటే ఆరోగ్యం ఎవరికి చేరినట్లు?

8. పేర్ల మార్పు, కొత్త శుద్ధి:

ధాన్యం హోదా మారడానికి ముందు పేరు మారింది. ‘తృణధాన్యం’ అనే సంస్కృత సమాసంలో గడ్డి ఉంది. ప్రభుత్వ పరిభాషలోని ‘ముతకధాన్యం’లో చిన్నచూపు ఉంది. ‘చిరుధాన్యం’ గింజ పరిమాణాన్ని మాత్రమే చెప్పే తటస్థమైన మాట. కన్నడ సీమ నుంచి వ్యాప్తిలోకి వచ్చిన ‘సిరిధాన్యం’ సంపదను సూచిస్తుంది. ప్రొద్దుటూరు ప్రాంతంలో పుట్టి మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలి ప్రసంగాలతో కొర్ర, అండుకొర్ర, సామ, అరిక, ఊద అనే అయిదు పేర్లు తెలుగు ఇళ్ళకు చేరాయి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఈ పంటలను ‘పోషకధాన్యాలు’గా ప్రకటించింది. 2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో అవి ‘శ్రీ అన్న’ అయ్యాయి. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరిపింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగిజావ ఇవ్వడం మొదలైంది.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములే. కొర్రలో మాంసకృత్తులు 12.3 గ్రాములు, బియ్యంలో 6.8 గ్రాములు. ఈ తేడా నిజమైనది. కానీ పేరు మారినంత మాత్రాన తేడా పళ్ళెంలోకి రాదు. చిరుధాన్యపు తవుడులో నూనె ఉంటుంది కనుక పాలిష్ చేయని గింజ త్వరగా ముక్కిపోతుంది. ఎక్కువ కాలం నిల్వ ఉండాలని, తెల్లగా కనిపించాలని కొర్ర బియ్యానికీ పాలిష్ పట్టడం వ్యాపారంలో ఉంది. నూరేళ్ళ క్రితం వరికి జరిగినదే నేడు కొర్రకు జరుగుతున్నది.

బేకరీ వస్తువుల్లో సమస్య మరోరకం. రాగిపిండిలో గోధుమలోని గ్లూటెన్ లేదు. పిండి సాగదు, పొంగదు. అందువల్ల రాగి బిస్కెట్లు, రాగి కేకుల్లో మైదానో గోధుమపిండినో కలపడం మామూలు. పొట్లం మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలనే నియమం ఉంది. ముందు పేరు మైదాది అయితే ఆ బిస్కెట్టులో రాగి విశేషణమే తప్ప విశేష్యం కాదు. ఇంట్లో ఈ మార్పిడి చేసేవారికి రొట్టె, సంగటి, జావ, దోసె వంటి పద్ధతులే అనువైనవి. అవి గ్లూటెన్ మీద ఆధారపడక ఈ ధాన్యాల స్వభావానికి తగినట్లు రూపొందినవి. బెల్లం విషయంలోనూ నిదానం అవసరం. చక్కెరలో లేని కొన్ని ఖనిజాలు అందులో ఉన్నా, అధికభాగం చక్కెరే. మధుమేహ రోగికి అది ప్రత్యామ్నాయం కాదు.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి.

ఒకటి, ఆహారపు మార్పిడి వంటింట్లో మొదలు కాదు. ఆనకట్ట, మర, రొక్కపు పంట, రేషన్ ధర కలిసి చెన్నేకొత్తపల్లి ప్రాంతపు పళ్ళాన్ని మార్చాయి. తిరుగు మార్పిడికి కూడా గృహిణి సంకల్పం ఒక్కటే చాలదు.

రెండు, శుద్ధి అనేది ధాన్యపు గుణం కాదు, ప్రక్రియ. తెల్లబియ్యాన్ని తొలగించి పాలిష్ పట్టిన కొర్రను తెచ్చుకొంటే మారేది పేరే. ఉప్పుడు బియ్యం, దంపుడు బియ్యం చరిత్ర చూస్తే అదే వరి వేరే పద్ధతిలో మేలు చేయగలదని తెలుస్తుంది.

మూడు, శ్రమకు సమాధానం చెప్పని ఆరోగ్యవాదం నిలవదు. రోకలి మళ్ళీ స్త్రీ చేతికి ఇచ్చే పునరుద్ధరణ ఎవరికీ అక్కరలేదు. పండినచోటే, పండించినవారి సంఘం నడిపే చిన్న యంత్రం దానికి తగిన మార్గమని చెన్నేకొత్తపల్లి అనుభవం సూచిస్తున్నది.

ఆముక్తమాల్యదలో అరికల కూడు తిన్న రైతుకు అది ఆరోగ్యాహారమని ఎవరూ చెప్పలేదు. అది అతని పొలం ఇచ్చిన తిండి. ఆ రైతు సంతతి నేడు పండించే అరిక నగరంలో ఖరీదైన పొట్లమై, ఆ ఇంటికి అందనిదైతే, ‘ముతక’ నుంచి ‘సిరి’ దాకా సాగిన ఈ ప్రయాణంలో ‘సిరి’ ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది. రాగి, కొర్ర సాగుచేసే ఇళ్ళలోనే నేడు వారానికి ఎన్నిపూటలు అవి ఉడుకుతున్నాయో గ్రామస్థాయిలో నమోదు చేయడం ఈ దిశగా జరగవలసిన తదుపరి పరిశోధన.